టికెట్ జీరో అయింది.. ఏటి ఒడ్డుకు దారి ఏది?

ఆదివారం పూట గుంటూరు బస్టాండులో అమరావతి బస్సు ఎక్కే ఆడవాళ్లను గమనిస్తే ఒక కొత్త సంగతి కనిపిస్తుంది. పుట్టింటికి వెళ్లేవాళ్లు, ఆస్పత్రికి వచ్చి తిరిగి పోయేవాళ్లు, కూలి పనికి బయల్దేరినవాళ్లు ఎప్పుడూ ఉండేవాళ్లే. ఇప్పుడు వాళ్ల మధ్యలో చేతిలో టిఫిన్ క్యారియర్, సంచిలో దుప్పటి, వెంట ఇద్దరు ముగ్గురు పిల్లలతో ఇంకో రకం ప్రయాణికులు కూడా కనపడుతున్నారు. వాళ్లకు అమరావతిలో చుట్టాలు లేరు, పనీ లేదు. కృష్ణ ఒడ్డున కాసేపు నడవాలి, కూర్చోవాలి, పొద్దుగూకే లోపు ఇంటికి చేరాలి. అంతే.

ఈ 'అంతే' అనేది మన ఇళ్లలో చాలామంది ఆడవాళ్లకు నిన్నమొన్నటి దాకా అందని సంగతి. ఇంట్లో నుంచి బయటకు అడుగు పెట్టాలంటే ఒక కారణం కావాలి. పెళ్లి, చావు, దర్గా జియారత్, ఆస్పత్రి. ఊరికే ఏటి ఒడ్డున నడవడానికి అంటే 'దానికి బస్సు చార్జీలు దండగ' అనే మాట ముందు వచ్చేది. ఆ మాటకు ఇప్పుడు బలం తగ్గింది.

2025 ఆగస్టు 15న రాష్ట్ర ప్రభుత్వం స్త్రీశక్తి పథకాన్ని మొదలుపెట్టింది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్.. ఈ ఐదు రకాల బస్సుల్లో రాష్ట్రంలో ఎక్కడి నుంచి ఎక్కడికైనా బాలికలు, మహిళలు, ట్రాన్స్‌జెండర్లు ఉచితంగా వెళ్లొచ్చు. ఆధార్, ఓటరు కార్డు, రేషన్ కార్డు లాంటి గుర్తింపు ఏదో ఒకటి చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొడతాడు. ఆర్టీసీకి ఉన్న 11,449 బస్సుల్లో 8,458 ఈ పథకం కిందికి వస్తాయని, ఏటా సుమారు 1,942 కోట్ల రూపాయలు ఖర్చవుతుందని ప్రభుత్వం అప్పట్లో లెక్క చెప్పింది. ఇలాంటి పథకం ఢిల్లీలో 2019లో, తమిళనాడులో 2021లో, కర్ణాటకలోనూ తెలంగాణలోనూ 2023లో వచ్చింది. మనది ఆలస్యంగా వచ్చిన బండి.

పథకం మీద జరిగిన చర్చ అంతా ఒక్కచోటే తిరిగింది. ఆడవాళ్లు ఉద్యోగానికి, చదువుకు, కూలికి వెళ్తారు కాబట్టి మంచిదని ఒకరు, సీట్లు దొరకడం లేదని ఇంకొకరు. ఆడవాళ్లు ఏ పనీ లేకుండా బయటకు వెళ్లడం కూడా ఒక అవసరమే అని ఎవరూ గట్టిగా అనలేదు. ఈ వ్యాసం ఆ అవసరం గురించే. పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప పొలాల మధ్య నుంచి కృష్ణ, గుండ్లకమ్మ, నాగులేరు, చంద్రవంక పారుతున్నాయి. వాటి దగ్గరికి ఆర్టీసీ బస్సు పోతుంది. బస్సు దిగాక ఏం జరుగుతుంది అన్నదే ప్రశ్న.

ముందు ఖర్చు లెక్క చూద్దాం. గుంటూరులో ఐదుగురు ఉన్న కుటుంబం అనుకోండి. తల్లి, నానమ్మ, కూతురు, తండ్రి, పదిహేనేళ్ల కొడుకు. ముగ్గురికి జీరో టికెట్, ఇద్దరికి మామూలు టికెట్. అన్నం ఇంటి నుంచే కట్టుకుంటారు. బస్సు వరకూ ఖర్చు భయపెట్టేలా లేదు. కానీ బస్సు బస్టాండు దాకానే పోతుంది. అక్కడి నుంచి ఏటి ఒడ్డుకు, బుద్ధుడి విగ్రహం దగ్గరికి, మ్యూజియానికి, తిరిగి బస్టాండుకు తిప్పితే ఆటోకు ఇచ్చేది బస్సు టికెట్లను మించిపోతుంది. నడుస్తామంటే నానమ్మ మోకాళ్లు ఒప్పుకోవు. నాన్న దినకూలీ అయితే పోయిన రోజు కూలి కూడా ఖర్చులోనే రాయాలి. ఉచితం అన్న మాట బస్సు తలుపు దగ్గరే ఆగిపోతుంది.

అయినా ఆ దారి మాత్రం చూడదగ్గది. గుంటూరు దాటగానే లాం ఫారం వస్తుంది. రాష్ట్రంలో రైతులు వేసే ఎన్నో మిరప, పత్తి రకాలు పుట్టిన పరిశోధనా కేంద్రం అది. అక్కడి నుంచి రెండు వైపులా నల్లరేగడి. సంక్రాంతి నాటికి పత్తి చివరి తీతలకు వస్తుంది, మిరప ఎరుపెక్కుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కల్లాల్లో ఎండబోసిన కాయల ఘాటు బస్సు కిటికీలోంచి లోపలికి వచ్చి పిల్లలు తుమ్ముతారు. బస్సు దిగితే పక్కనే ధరణికోట. శాతవాహనుల నాటి ఊరు. అమరావతి స్తూపపు చలువరాతి శిల్పాల్లో చాలావరకు లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ చెన్నై మ్యూజియంలోనూ ఉన్నాయి. ఇక్కడ మిగిలింది స్తూపపు దిబ్బ, ఒక చిన్న మ్యూజియం, 125 అడుగుల ధ్యాన బుద్ధుడు. ఆపైన కృష్ణ.

ఏటికి దిగే మెట్లు మన దగ్గర ఎక్కువగా గుడి పక్కనే ఉంటాయి. అది సహజం. రేవు కట్టించినవాళ్లు స్నానాల కోసం కట్టించారు. అమరావతిలోనూ అంతే, అమరేశ్వరాలయం ఏటి మీదే ఉంటుంది. ఎవరూ పొమ్మనరు. అయినా బురఖాలో ఉన్న తల్లి ఆ మెట్ల మీద కూర్చుని పిల్లలకు అన్నం పెట్టడానికి మనసులో వెనకాడుతుంది. ఈ వెనకాడటాన్ని పెద్ద గొడవగా చెప్పక్కర్లేదు, లేనట్టు నటించక్కర్లేదు కూడా. గుడికీ దర్గాకీ చెందని, ఎవరైనా కూర్చోగల మామూలు ఒడ్డు అర కిలోమీటరు ఉంటే చాలు, ఆ సంకోచం దానంతటదే పోతుంది. నాలుగు చెట్లు, రెండు సిమెంటు బల్లలు, ఒక కుళాయి. కుళాయి ఉంటే తాగడానికీ అదే, వజూకీ అదే.

మరుగుదొడ్డి సంగతి విడిగా చెప్పాలి. పొద్దున తొమ్మిదికి బయల్దేరిన ఆడది సాయంత్రం ఆరుకు ఇల్లు చేరాలంటే తొమ్మిది గంటలు. చాలా రేవుల దగ్గర పుష్కరాలకు కట్టిన మరుగుదొడ్లు పుష్కరాలతోనే ఆగిపోయాయి. కొన్నింటికి తాళం, కొన్నింటికి నీళ్లు లేవు. అందుకని ఆడవాళ్లు చేసే పని అందరికీ తెలిసిందే. పొద్దున్నుంచీ నీళ్లు తాగరు. ఏటి ఒడ్డుకు వెళ్లి నీళ్లు తాగకుండా తిరిగి రావడం ఎంత విడ్డూరమో ఆలోచించండి. కృష్ణా పుష్కరాలు మళ్లీ 2028లో వస్తాయి. అప్పటిదాకా ఆగాలా?

ఇక తిరుగు బస్సు. విహారానికి వెళ్లినవాళ్లకు పొద్దున బస్సు కంటే సాయంత్రం బస్సు ముఖ్యం. జనవరిలో దాదాపు ఆరు గంటలకే మగ్‌రిబ్. ఏటి ఒడ్డు బాగుండేది నాలుగు దాటాకే, అంటే అసర్ తర్వాతే. ఆ రెండు గంటల కోసమే ఇంత దూరం వచ్చింది. కానీ చివరి బస్సు ఎప్పుడో ఖాయంగా తెలియకపోతే మూడు గంటలకే 'పదండి, పదండి' మొదలవుతుంది. అమరావతి లాంటి పేరున్న ఊరికి బస్సులు ఉంటాయి కాబట్టి భయం తక్కువ. లోపలి పల్లెలకు రోజుకు రెండు మూడు ట్రిప్పులే తిరిగే చోట బస్సు తప్పితే ఆ రాత్రి ఎవరి అరుగు మీద పడుకోవాలి? ఇంట్లో మగవాళ్లు 'వద్దు' అనడానికి చెప్పే కారణాల్లో నిజమైన కారణం ఇదొక్కటే. మిగతావన్నీ దీని చుట్టూ అల్లినవి.

ఆర్టీసీకి ఇది చేతకాని పని కాదు. ఏటా కార్తీక మాసంలో పంచారామాలకు, శ్రీశైలానికి ప్రత్యేక బస్సులు వేస్తుంది. ఎప్పుడు బయల్దేరి ఎప్పుడు తిరిగి తెస్తారో ముందే చెబుతుంది. జనం నమ్మి ఎక్కుతారు. అదే పద్ధతిలో చలికాలం నాలుగు నెలలు ఆదివారాల్లో ఒక ఏటి ఒడ్డుకు ఒక పల్లెవెలుగు, పొద్దున వెళ్లి మగ్‌రిబ్ వేళకు తిరిగి వచ్చేలా వేస్తే ఏమవుతుంది? వాణిజ్య లెక్కలో చూసినా నష్టం కనపడదు. జీరో టికెట్ అంటే ఆర్టీసీకి సున్నా రాబడి అని అర్థం కాదు. కొట్టిన ప్రతి జీరో టికెట్ విలువనూ ప్రభుత్వం సంస్థకు కట్టివ్వాలి. ఆదివారం ఖాళీగా తిరిగే బస్సు కంటే జీరో టికెట్లతో నిండిన బస్సే సంస్థ పుస్తకాల్లో మెరుగు. ఒక్క షరతు, ప్రభుత్వం ఆ సొమ్ము సకాలంలో ఇవ్వాలి. వెంట వచ్చే మగవాళ్ల టికెట్లు ఎటూ నగదే.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. జనవరి నుంచి మార్చి దాకా మిరపకాయ కోతలకు వెళ్లే కూలి ఆడవాళ్లతో పల్లె బస్సులు కిటకిటలాడతాయి. వాళ్ల సీటు తీసుకుని షికారుకు వెళ్లడం న్యాయం కాదు. అందుకే ఉన్న బస్సులోనే సర్దుకోమని అనకుండా, ఆదివారానికి వేరే ట్రిప్పు అడగాలి.

గుంటూరు నుంచి ఒంగోలు వైపు వస్తే కథ కాస్త మారుతుంది. అక్కడి ఏరు గుండ్లకమ్మ. నల్లమలలో పుట్టి, కంభం చెరువును నింపి, మార్కాపురం, అద్దంకి ప్రాంతాల మీదుగా వచ్చి సముద్రంలో కలుస్తుంది. కృష్ణలా నిండుగా ఉండేది కాదు. వానాకాలంలో ఒక రూపం, ఎండాకాలంలో ఇసుక, గడ్డి, మధ్యలో సన్నటి పాయ. నడవడానికి మాత్రం కృష్ణ కంటే ఇదే అనువు. ఒంగోలు నుంచి అద్దంకికి బస్సులకు కొదవలేదు, అద్దంకిలో ఆర్టీసీ డిపో కూడా ఉంది. తెలుగులో తొలి పద్య శాసనంగా చెప్పుకునే 848 నాటి పండరంగని శాసనం దొరికింది ఈ అద్దంకిలోనే. ఊరి పక్కనే ఏరు.

ఒంగోలుకు ఇంకా దగ్గర కావాలంటే మద్దిపాడు మండలం మల్లవరం రిజర్వాయరు. ఒంగోలు దాహం తీర్చే నీళ్లలో కొన్ని అక్కడివి. 2022 ఆగస్టు ఆఖరున దాని గేటు ఒకటి కొట్టుకుపోయింది. బాగుచేయడం సాగుతూ ఉండగానే 2023 డిసెంబరు తుపాను సమయంలో మరో గేటు పోయింది. నీళ్లన్నీ సముద్రం పాలు. కట్ట మీద నిలబడి నీళ్లు చూద్దామని వచ్చిన జనం ఖాళీ జలాశయాన్ని చూసి వెళ్లిన రోజులున్నాయి. ఏటి ఒడ్డున నడక అనేది సరదా వ్యవహారం కదా, దీనికీ గేట్లకూ సంబంధం ఏమిటి అని ఎవరైనా అడగొచ్చు. నీళ్లు లేని చోటుకు కుటుంబాలు వెళ్లవు. జనం తరచూ వెళ్లే చోట గేటుకు తుప్పు పట్టినా, కట్ట బీటలు వారినా నలుగురి కంట పడుతుంది.

ఒంగోలు పేరు చెప్పి ఇంకో విషయం చెప్పకుండా పోకూడదు. 2017 నవంబరు 12, కార్తీక మాసపు ఆదివారం. ఒంగోలు వాకర్స్ క్లబ్‌కు చెందిన కుటుంబాలు విజయవాడకు విహారయాత్రకు వెళ్లాయి. రోజూ పొద్దున్నే కలిసి నడిచే మనుషులు. ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమానికి బోటులో వెళ్తుండగా బోటు తిరగబడింది. 20 మందికి పైగా చనిపోయారు, అందులో ఎక్కువమంది ఒంగోలు వాళ్లే. అది అనుమతి లేని ప్రైవేటు బోటు అని తర్వాత తేలింది. ఆ ఊళ్లో ఇప్పటికీ ఏటి ప్రయాణం అనగానే ఇంట్లో పెద్దవాళ్లు ఆ ఆదివారాన్ని గుర్తు చేస్తారు. వాళ్ల భయంలో న్యాయముంది.

ఒడ్డున నడిచేవాళ్లకు బోటు ప్రమాదం ఉండదు, కానీ ఇసుక గుంతల ప్రమాదం ఉంటుంది. మిషన్లతో ఇసుక తోడిన చోట ఏటి అడుగున గోతులు పడతాయి. పైకి మోకాలి లోతు నీళ్లలా కనపడుతుంది, రెండడుగులు వేస్తే మనిషి మునిగే లోతు. సెలవు రోజుల్లో ఈతకు దిగి పోయిన పిల్లల వార్తలు ఏ వేసవిలో రావడం లేదు? కృష్ణలో అక్రమ ఇసుక తవ్వకాలపై జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వానికి 100 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ప్రభుత్వాలు మారాయి, ఇసుక విధానాలు మారాయి. తవ్విన గుంత దగ్గర ఎర్ర జెండా పాతే అలవాటు మాత్రం ఇంకా రాలేదు. పైగా ఒడ్డు దారుల్లో ఇసుక టిప్పర్లు. పిల్లల చేయి పట్టుకుని నడిచే తల్లికి ఏరు ఒక పక్క, టిప్పరు ఇంకో పక్క. కాబట్టి ఏటి నడక అంటే నీళ్లలోకి దిగడం కాదని పిల్లలకు బస్సులోనే చెప్పి తీసుకెళ్లాలి.

నడవాలంటే దారి ఉండాలి. ఇక్కడ మన ప్రాంతానికి ఒక పాత ఆస్తి ఉంది. డొంక. గుంటూరు వాళ్లకు డొంక రోడ్డు అంటే మూడు వంతెనల దగ్గరి ట్రాఫిక్ గుర్తొస్తుంది గానీ, డొంక అంటే అసలు పొలాల మధ్య నుంచి బండ్లు, పశువులు, మనుషులు పోయే ఊరుమ్మడి దారి. చాలా ఊళ్లలో డొంక చివర ఏరో వాగో చెరువో ఉంటుంది, ఎందుకంటే పశువులు నీళ్లకు పోవాలి. రెవెన్యూ రికార్డుల్లో డొంక పోరంబోకు అని విడిగా రాసి ఉంటుంది. అది ఏ ఒక్క రైతుదీ కాదు. పీర్ల పండగ చివరి రోజున పీర్లను నీటి దగ్గరికి తీసుకెళ్లింది ఆ దారినే, తిరునాళ్ల ప్రభలు కదిలిందీ ఆ దారినే. వెనకటి రోజుల్లో నూర్‌బాషా కుటుంబాలు ఏకే విల్లు భుజాన వేసుకుని దూది ఏకడానికి ఊరూరా తిరిగినప్పుడు నడిచింది కూడా డొంకల మీదే. పత్తి చేలతో మన వాళ్ల సంబంధం అంత పాతది.

ఇప్పుడా డొంకలు ఏటేటా సన్నబడుతున్నాయి. ఇటు రైతు ఒక అడుగు, అటు రైతు ఒక అడుగు కలుపుకుంటూ పోతే బండి దారి కాస్తా కాలిబాట అవుతుంది. ట్రాక్టరు రోడ్డు మీదుగా పోతోంది కాబట్టి అడిగేవాడు లేడు. వాన పడితే నల్లరేగడి చెప్పులకు అంటుకుని ఒక్కో అడుగూ మణుగు బరువవుతుంది కాబట్టి నడిచేవాడూ లేడు. ఎవరూ నడవని దారిని ఆక్రమించడం సులువు.

రాజధాని ప్రాంతంలో ఇది ఇంకా పెద్ద సంగతి. 2015లో భూసమీకరణ కింద 29 గ్రామాల్లో సుమారు 34 వేల ఎకరాలు రైతులు ఇచ్చారు. ఉండవల్లి, వెంకటపాలెం, ఉద్దండరాయునిపాలెం, రాయపూడి లాంటి ఊళ్లు కృష్ణ ఒడ్డువే. 2025 మే 2న ప్రధాని చేతుల మీదుగా పనులు మళ్లీ మొదలయ్యాయి. రెండో విడత సమీకరణలో వైకుంఠపురం లాంటి ఏటి ఒడ్డు ఊళ్లు కూడా ఉన్నాయి. భూమి ఇచ్చిన రైతుకు ప్లాటు వస్తుంది. ఆ పొలాల మధ్య ఉన్న డొంకకు, ఏటికి దిగే ఊరుమ్మడి దారికి బదులు ఏం వస్తుంది? నది ఒడ్డున ఉద్యానాలు, నడక దారులు వస్తాయని బొమ్మల్లో చూపిస్తున్నారు. రానివ్వండి, సంతోషమే. కానీ వాటికి గేటు పెట్టి టికెట్ పెడతారా, పల్లెవెలుగు దిగిన కుటుంబం నేరుగా నడిచి వెళ్లేలా ఉంచుతారా అన్నది ఇప్పుడు, గీతలు గీస్తున్నప్పుడే అడగాల్సిన మాట. నదీగర్భంలో ఇష్టం వచ్చినట్టు కట్టకుండా 1884 నాటి నదీ పరిరక్షణ చట్టం ఉంది. ఉన్నా, ఉండవల్లి కరకట్ట మీద ఏ ప్రభుత్వం వచ్చినా కట్టడాల గొడవ ఆగింది లేదు. 2019 జూన్‌లో ప్రజావేదిక కూల్చివేత దాకా పోయింది. ఒడ్డు ఎవరిది అన్న ప్రశ్న పెద్దల మధ్య రాజకీయమైంది గానీ, మామూలు జనం నడిచే హక్కుగా ఎప్పుడూ చర్చకు రాలేదు.

ఇంగ్లండ్‌లో ఈ హక్కు కోసం జనం జైలుకు వెళ్లారు. 1932 ఏప్రిల్ 24న కిండర్ స్కౌట్ అనే కొండ ప్రాంతంలోకి ఫ్యాక్టరీ కార్మికులు వందల సంఖ్యలో నడిచారు. అది జమీందార్ల వేట భూమి. ఐదుగురికి జైలు శిక్ష పడింది. 1949లో చట్టం వచ్చాక ప్రజలు నడిచే ప్రతి కాలిబాటనూ స్థానిక సంస్థలు పటంలో గుర్తించడం మొదలైంది. పటంలోకి ఎక్కిన బాటను రైతు దున్నేసినా తిరిగి దారి చూపాల్సిందే. ఇంగ్లండ్, వేల్స్‌లో అలాంటి దారులు సుమారు 2.25 లక్షల కిలోమీటర్లు. యార్క్‌షైర్ లోయలకు ఆదివారాలు, సెలవు రోజుల్లో 'డేల్స్‌బస్' పేరుతో ప్రత్యేక బస్సులు నడుస్తాయి. పొద్దున దింపి, నడక అయ్యాక సాయంత్రం ఎక్కించుకుని వస్తాయి.

అక్కడి ముస్లింలది ఇంకో అనుభవం. హరూన్ మోటా అనే యువకుడు 2021లో 'ముస్లిం హైకర్స్' అనే బృందం మొదలుపెట్టాడు. ఆ ఏడాది క్రిస్మస్ రోజున వంద మందికి పైగా పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లో కలిసి నడిచారు. ఫొటోలు బయటికి రాగానే ఫేస్‌బుక్‌లో బూతులు, వెక్కిరింతలు. 'వీళ్లకు ఇక్కడేం పని' అనే ధోరణి. బృందం ఆగలేదు. ఆ తర్వాత నడకలకు వచ్చేవాళ్లు ఇంకా పెరిగారు, తెల్లవాళ్లు కూడా వచ్చి కలిసి నడిచారు. గుంటూరు, ఒంగోలు పల్లెల్లో అలాంటి పరిస్థితి లేదు. మస్తాన్, మస్తానమ్మ, మస్తాన్‌రావు అని హిందూ ఇళ్లలో కూడా పేర్లు పెట్టుకునే ప్రాంతం ఇది. గుంటూరు కాలే మస్తాన్ షా వలీ దర్గాకు అన్ని మతాల వాళ్లూ వస్తారు. పొలం గట్టు మీద బురఖా కనపడితే 'ఎవరింటికమ్మా?' అని అడుగుతారు. ఆ ప్రశ్నలో విషం లేదు. అయితే దానికి 'ఎవరింటికీ కాదు బాబాయ్, ఏరు చూద్దామని వచ్చాం' అని మన ఆడపిల్లలు జంకు లేకుండా చెప్పగలగాలి. అలా చెప్పే అలవాటు ఇంట్లోనే మొదలవ్వాలి.

పల్నాడు వైపు వెళ్లాలనుకునేవాళ్లకు ఒక జాగ్రత్త. స్త్రీశక్తి అంతర్రాష్ట్ర సర్వీసులకు వర్తించదు. మాచర్ల మీదుగానో పొందుగల మీదుగానో హైదరాబాద్ పోయే బస్సు ఎక్కి మధ్యలో దిగుదాం అనుకుంటే జీరో టికెట్ ఇవ్వరు. మాచర్ల దాకా రాష్ట్రంలో తిరిగే బస్సులోనే వెళ్లి, అక్కడి నుంచి వేరే చూసుకోవాలి. చంద్రవంక 70 అడుగుల ఎత్తు నుంచి దూకే ఎత్తిపోతల ఆ దారిలోనే. కింద మడుగులో మొసళ్లు ఉంటాయి కాబట్టి చూడటం వరకే. కారంపూడి దగ్గర నాగులేరు ఒడ్డున పల్నాటి యుద్ధం జరిగిన నేల, వీరుల గుడి ఉన్నాయి. కులాల తేడా లేకుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టించాడని బ్రహ్మనాయుడి గురించి చెప్పుకుంటారు. ఇంకా పడమటికి పోతే కంభం చెరువు. విజయనగర రాజుల కాలంలో రెండు కొండల మధ్య కట్టిన ఆ కట్టకు 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. గుంటూరు నుంచి ఒక్క రోజులో పోయిరావడం కష్టం గానీ, మార్కాపురం, గిద్దలూరు వాళ్లకు పూట ప్రయాణం.

చివరి మైలు సంగతికి మళ్లీ రావాలి, ఎందుకంటే అది మన వాడల్లో చాలా ఇళ్ల కూటి సంగతి. స్త్రీశక్తి వల్ల ఆటో డ్రైవర్ల రాబడి పడిపోయిందని రాష్ట్రమంతా గోల చేశారు. ప్రభుత్వం 2025 అక్టోబరు 4న ఆటో, క్యాబ్ డ్రైవర్లకు ఏడాదికి 15 వేల రూపాయల చొప్పున సాయం మొదలుపెట్టింది. సుమారు 2.90 లక్షల మందికి అందింది. నెలకు 1,250 రూపాయలు పడిన లెక్క. దాంతో ఆటో కిస్తీ కూడా గడవదు. అయితే బస్సు పోయే దారిలో బస్సుతో పోటీ పడి ఆటో గెలవలేదు. బస్సు ఆగిన చోటు నుంచి ఏటి ఒడ్డుకు మాత్రం ఆటోకే దారి. బస్టాండు దగ్గర బోర్డు మీద రేటు రాసి, మనిషికి ఇంత అని తిప్పితే కుటుంబానికీ భయం ఉండదు, డ్రైవరుకూ ఆదివారం బోణీ ఉంటుంది. మొత్తం ఆటో మాట్లాడుకోవాల్సి వస్తోంది కాబట్టే ఐదుగురి కుటుంబం వెనకాడుతోంది. ఇది ప్రభుత్వం చేయాల్సిన పని కూడా కాదు, ఆటో యూనియన్, పంచాయతీ కూర్చుంటే ఒక పూటలో తేలిపోతుంది.

మిగతావి అడిగితే గానీ రావు. అడగడానికి చోట్లు ఉన్నాయి. ఆర్టీసీ డిపో మేనేజర్లు 'డయల్ యువర్ డీఎం' అని అప్పుడప్పుడు ఫోన్‌లో జనం మాట వింటారు. ఎక్కువగా వచ్చేవి ఆగని బస్సుల ఫిర్యాదులే. ఆదివారం ఏటి ఒడ్డుకు ట్రిప్పు కావాలి, తిరుగు బస్సు టైము బోర్డు మీద రాయాలి అని పదిమంది ఆడవాళ్లు వరసగా ఫోన్ చేస్తే అది డిపో పుస్తకంలోకి ఎక్కుతుంది. సోమవారాల్లో కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. రేవు దగ్గర మరుగుదొడ్డి తాళం తీయమని, ఇసుక గుంతల దగ్గర జెండాలు పాతమని అక్కడ రాసివ్వొచ్చు. డొంక ఆక్రమణ అయితే గ్రామసభలో తీర్మానం, తహసీల్దారుకు కాపీ. మసీదు కమిటీలు ఏటా తబ్లీగ్ జమాత్‌లకు, ఇజ్తెమాలకు బస్సులు మాట్లాడటంలో ఆరితేరాయి. ఆ అనుభవాన్ని ఒకసారి ఆడవాళ్లు, పిల్లల ఏటి ప్రయాణానికి కూడా వాడితే తప్పేముంది?

ఈసారి రంజాన్ పండగ నెలవంకను బట్టి మార్చి 20న గానీ 21న గానీ వస్తుంది. అంటే పండగ మరుసటి రోజు శనివారమో ఆదివారమో అవుతుంది. ఏటా ఆ రోజున గుంటూరు, ఒంగోలు కుటుంబాలు ఏదో ఒక చోటికి బయల్దేరడం మామూలే. ఎక్కువమంది సినిమాకో, పార్కుకో, ఆటో మాట్లాడుకుని సూర్యలంక బీచ్‌కో పోతారు. మార్చి నెలాఖరు ఎండ కాబట్టి ఏటి ఒడ్డుకైతే పొద్దున ఏడింటికి వెళ్లి పదకొండు లోపు తిరిగి వచ్చేలా ట్రిప్పు ఉండాలి. డిపోలో అదనపు బస్సు కావాలంటే నెల ముందు అడగాలి. రోజాలు మొదలయ్యాక ఎవరికీ తీరిక ఉండదు, అర్జీ ఇప్పుడే రాయాలి.